మాండరిన్ ఇమ్మర్షన్ తరగతిలో పిల్లలు అసలు ఏం నేర్చుకుంటారు?

ప్రశ్న: మేం యూటాలో ఉంటాం. మా పాప ఈ ఆగస్టులో ఒకటో తరగతిలో చేరుతుంది. దగ్గర్లోని ప్రభుత్వ బడిలో చైనీస్ (మాండరిన్) ఇమ్మర్షన్‌కి, అంటే సగం పాఠాలు ఆ భాషలోనే చెప్పే తరగతికి, లాటరీలో సీటొచ్చింది. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, చైనీస్ ముక్క కూడా రాదు. సగం రోజు చైనీస్‌లో గడిస్తే లెక్కలు, ఇంగ్లీషు వెనకబడవా? ఐదేళ్ళయ్యాక నాలుగు పాటలూ, కాగితం లాంతర్లూ తప్ప ఇంకేమైనా మిగులుతుందా? అంతంతమాత్రంగా ఉన్న తెలుగు పూర్తిగా పోతుందా?

జవాబు:

నమస్తే అండీ. నేను ఇలాంటి ప్రోగ్రాంలోనే ఇంగ్లీషు వైపు టీచర్ని. పొద్దున నా దగ్గర కూర్చున్న పిల్లలు మధ్యాహ్నం గోడ అవతలి చైనీస్ గదికి వెళ్తారు, అక్కడి సెక్షన్ నా దగ్గరికొస్తుంది. చైనీస్ టీచరూ నేనూ అవే పిల్లల్ని పంచుకుంటాం కాబట్టి రోజూ కాసేపు కూర్చుని మాట్లాడుకోక తప్పదు. ఎవరు దేంట్లో తడబడుతున్నారో, అది లెక్క రాక తడబాటో భాష రాక తడబాటో తేల్చుకోవడమే మా పనిలో సగం. అక్కడ చూసిందీ విన్నదీ రాస్తున్నాను. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

ఆ గదిలో చైనీస్ అనేది విడిగా ఒక సబ్జెక్టు కాదు. లెక్కలు, సైన్సు, సోషల్ చైనీస్‌లో చెబుతారు. చదవడం రాయడం కోసం కొంత సమయం ఉంటుంది గానీ, భాష ఎక్కువగా వంటబట్టేది మిగతా పాఠాల్లోనే. యూటా 2008లో ఇందుకోసం చట్టమే చేసింది. సగం రోజు ఇంగ్లీషు, సగం రోజు రెండో భాష, ఇద్దరు టీచర్లు అనేది వాళ్ళ నమూనా. మొదటి మూడు తరగతుల్లో లెక్కలు చైనీస్ టీచరే చెబుతారు. నాలుగు నుంచి లెక్కలు చాలావరకు ఇంగ్లీషు వైపు వచ్చేస్తాయి. వేరే రాష్ట్రాల్లో కిండర్‌గార్టెన్ అంతా దాదాపు చైనీస్‌లోనే నడిపి, తర్వాత మెల్లగా ఇంగ్లీషు కలిపే బడులూ ఉన్నాయి. ఇదేమీ నిన్నమొన్నటి ప్రయోగం కాదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో చైనీస్ అమెరికన్ ఇంటర్నేషనల్ స్కూల్ 1981లో మొదలైంది. మనవాళ్ళు ఎక్కువగా ఉండే కూపర్టీనోలో, అటు పోర్ట్‌లాండ్‌లో, ప్రభుత్వ బడుల్లోనే 1998 నుంచి నడుస్తోంది.

మొదటి వారాలు ఎలా ఉంటాయో చెబుతాను, ఎందుకంటే తల్లిదండ్రులు బెంబేలెత్తేది అప్పుడే. టీచరు మొదటిరోజు నుంచీ ఇంగ్లీషు మాట్లాడరు. కూర్చోమంటూ తను కూర్చుంటారు, పుస్తకం తెరవమంటూ తెరిచి చూపిస్తారు, అర్థం కాకపోతే బొమ్మ గీస్తారు. పిల్లలు ఇంగ్లీషులో ఏదైనా అంటే విననట్టు ఊరుకోరు. అదే మాటని చైనీస్‌లోకి మార్చి తిరిగి అప్పజెబుతారు. పెన్సిల్ విరిగిందని కుర్రాడు ఇంగ్లీషులో ఏడుపుమొహం పెడితే, "నీ పెన్సిల్ విరిగిందా? నా పెన్సిల్ విరిగింది, అను" అని చైనీస్‌లో అనిపించి, ఆ తర్వాతే కొత్త పెన్సిల్ ఇస్తారు. పిల్లలు ఇంగ్లీషు ముక్క కలపకుండా, తడుముకోకుండా అనే మొదటి పూర్తి వాక్యం ఏదంటారా? బాత్రూంకి వెళ్ళొచ్చా అన్నదే. అవసరం అలాంటిది మరి.

మొదటి కొన్ని నెలలు మీ పాప ఇంటికొచ్చి చైనీస్‌లో ఏమీ మాట్లాడదు. వింటుంది, చెప్పింది చేస్తుంది, జవాబు ఇంగ్లీషులో ఇస్తుంది. ఒకటో తరగతి సగం గడిచాక ఆ గదిలో చైనీసే మాట్లాడాలన్న నియమం మెల్లగా బిగుస్తుంది. ఈలోపు వీడియో కాల్‌లో ఇండియాలో ఉన్న అమ్మమ్మకి "ఏదీ, చైనీస్‌లో ఏదైనా చెప్పు" అని ప్రదర్శన పెట్టించకండి. అలా నిలబెట్టి అడిగిన పిల్లలు ఇంట్లో ఆ భాష ఊసెత్తడమే మానేస్తారు.

ఇక లెక్కలు. మీ భయాల్లో అన్నిటికన్నా ముందు వదిలేయాల్సింది ఇదే. చైనీస్‌లో అంకెలు పిల్లలకి ఇంగ్లీషు కన్నా తేలిక. పదకొండుని పది-ఒకటి అంటారు, ఇరవైని రెండు-పది, ముప్పై ఏడుని మూడు-పది-ఏడు. అంకె పేరు చెప్పగానే పదుల స్థానం, ఒకట్ల స్థానం రెండూ బయటపడతాయి. నా గదిలో సెవెంటీన్‌కీ సెవెంటీకీ కంగారుపడే పిల్లే అవతల గదిలో ఆ పొరపాటు చెయ్యదు. ఎక్కాలు చూస్తే మీకు ముచ్చటేస్తుంది. మనం "ఏడు మూళ్ళు ఇరవై ఒకటి" అని రాగం తీసినట్టే వాళ్ళు "సాన్ ఛీ, అర్ షీ యీ" అని బల్లమీద దరువేస్తూ చెబుతారు. చిన్న అంకెని ఎప్పుడూ ముందు చెప్పడం వాళ్ళ పద్ధతి. "మూడు ఏళ్ళు ఇరవై ఒకటి" వచ్చాక "ఏడు మూళ్ళు" మళ్ళీ వల్లించే పని లేదు, బట్టీ సగానికి తగ్గిపోతుంది. భిన్నాల దగ్గర ఇంకో కలిసొచ్చే సంగతి ఉంది. ఇంగ్లీషులో పై అంకె ముందు చదువుతారు. చైనీస్‌లో మన "మూడింట రెండు" లాగే కింది అంకె ముందు: మూడు భాగాల్లో రెండు. మొత్తాన్ని ఎన్ని ముక్కలు చేశామో ముందు తెలిస్తే, వాటిలో ఎన్ని తీసుకున్నామో పిల్లలకి ఇట్టే అర్థమవుతుంది. మూడో తరగతికొచ్చాక ఈ లెక్క మీరే తెలుగులో చెప్పి చూడండి.

ఇబ్బంది పెద్ద సంఖ్యల దగ్గర వస్తుంది. చైనీస్‌లో పదివేలకి 'వాన్' అని ప్రత్యేకంగా పేరుంది. లక్ష అంటే పది వాన్‌లు, మిలియన్ అంటే వంద వాన్‌లు. ఇంట్లో లక్షలు, బడిలో మిలియన్లు, పక్క గదిలో వాన్‌లు. కామాలు ఎక్కడ పెట్టాలో ఆ పిల్లల్నే అడగాలి! యూటాలో ఆ వయసుకి లెక్కలు ఇంగ్లీషు వైపు మారతాయి కాబట్టి పెద్దగా తగలదు. పైగా నాలుగో తరగతి లెక్కల్లో కథలాంటి ప్రశ్నలు ఎక్కువ, రాష్ట్ర పరీక్షలేమో ఇంగ్లీషులో. లెక్కల్ని ఇటు మార్చడం నా ఉద్దేశంలో మంచి నిర్ణయమే.

మన పిల్లలు చుట్టూ ఉన్న అమెరికన్ పిల్లల్ని దాటిపోయే పాఠం ఒకటుంది, అది కుటుంబం పాఠం. ఒకటో తరగతిలో అందరూ ఇంటి ఫొటోలు తెచ్చి చార్టు మీద అంటిస్తారు. చైనీస్‌లో అన్న వేరు, తమ్ముడు వేరు, అక్క వేరు, చెల్లి వేరు. నాన్నకి అన్నయితే బోబో, తమ్ముడైతే షూషూ. మేనత్త గూగూ, మేనమామ జియూజియూ. 'అంకుల్' అన్న ఒక్క మాటతో పెరిగిన పిల్లలు, ఇతను అమ్మ వైపా నాన్న వైపా, పెద్దా చిన్నా అని టీచరు అడిగేసరికి నీళ్ళు నములుతారు. ఒకసారి ఆ పాఠం చూద్దామని వెళ్ళాను. ఒక తెలుగు పాప పెదనాన్న ఫొటో మీద వేలు పెట్టి బోబో అంది, బాబాయి మీద పెట్టి షూషూ అంది. ఆ తర్వాత పక్కనున్న పిల్లాడి చార్టు లాక్కుని, వాళ్ళ అంకుల్స్‌లో ఎవరు ఎవరికన్నా పెద్దో వాణ్ణి నిలదీయడం మొదలెట్టింది. తాతయ్యల దగ్గర మాత్రం ఆగిపోయింది. మనకి ఇద్దరూ తాతయ్యలే, వాళ్ళకి నాన్న నాన్న యేయే, అమ్మ నాన్న వైగోంగ్.

స్వరాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. ఒకే అక్షరాన్ని నాలుగు స్థాయిల్లో పలికితే నాలుగు మాటలు, వీటికి తోడు ఒత్తి పలకని ఐదోది ఒకటి. పెద్దవాళ్ళకి ఇదే గండం. పిల్లలు సూత్రంగా కాకుండా రాగంగా పట్టేస్తారు, టీచరు చేత్తో గాల్లో గీత గీస్తుంటే దాంతోపాటే గొంతు ఎక్కించి దింపుతారు. అంగడి ఆటలో ఇది బాగా తెలుస్తుంది. బల్లమీద ప్లాస్టిక్ ఆపిళ్ళు, ఉత్తుత్తి నోట్లు పెట్టి కొనడం అమ్మడం ఆడిస్తారు. కొనడం 'మాయ్', అమ్మడమూ 'మాయ్'. మొదటిది దిగి లేస్తుంది, రెండోది పైనుంచి ఒక్కసారి కిందకి పడుతుంది. స్వరం తప్పిన పిల్లాడు ఆపిల్ కొంటాను అనబోయి అమ్ముతాను అంటే, కొట్టు దగ్గర కూర్చున్న పిల్ల నవ్వి, ఎదురు డబ్బులివ్వడానికి నోటు తీస్తుంది. టీచరు సరిదిద్దే పని ఉండదు. మీకు చైనీస్ రాదు కదా, ఇంట్లో ఆమె ఉచ్చారణ దిద్దే ప్రయత్నం మాత్రం వద్దు. విని అలాగే అనాలని చూడండి, తనే మిమ్మల్ని దిద్దుతుంది. ఆ సరదా పిల్లలకి చాలా ఇష్టం.

చదవడం, రాయడం దగ్గరే అసలు చాకిరీ. ప్రతి చదరంలోనూ చుక్కల గీతలతో నాలుగు గళ్ళున్న కాగితం ఇస్తారు. ఏ గీత ముందో, ఏది వెనకో, ఏది పైనుంచి కిందకో అన్నిటికీ వరస ఉంది. కూడిక గుర్తులా ఉండే 'పది' కూడా అడ్డగీత ముందు, నిలువు గీత తర్వాత రాయాలి. మొదట్లో ఇదంతా చాదస్తంగానే కనిపిస్తుంది. గీతలు పది దాటిన అక్షరాలకి వచ్చాక తెలుస్తుంది, వరసగా రాసిన పిల్లల చేతికే అక్షరం గుర్తుంటుందని. రెండో తరగతికి అక్షరాన్ని ముక్కలుగా చూడటం మొదలవుతుంది. ఎడమ పక్క మూడు చుక్కలుంటే నీటికి సంబంధించింది: నది, సరస్సు, సముద్రం మూడింటికీ ఆ మూడు చుక్కలే. కుడి పక్క ముక్క చాలాసార్లు శబ్దాన్ని పట్టిస్తుంది. 'చింగ్' అనే ముక్క పక్కన నీటి గుర్తు పెడితే తేట, సూర్యుణ్ణి పెడితే ఎండ కాసిన ఆకాశం, మాట గుర్తు పెడితే దయచేసి. అన్నీ చింగ్‌లే, స్వరాలే వేరు. ఈ కిటుకు అందిన పిల్లలు కొత్త అక్షరం చూసి భయపడరు, ఊహించడం మొదలుపెడతారు. మా చైనీస్ టీచరు ఏడాదంతా ఎదురుచూసేది దాని కోసమే.

ఇంగ్లీషు లిపిలో చైనీస్ శబ్దాలు రాసే పద్ధతి ఒకటుంది, పిన్‌యిన్ అంటారు, 1958లో చైనా ప్రభుత్వం ఖాయం చేసింది. దాన్ని ఎప్పుడు నేర్పాలన్న దానిమీద బడికో అభిప్రాయం. అందులో క్యూ చూసి ఛ అనాలి, ఎక్స్ చూసి ష అనాలి, సీ చూసి త్స అనాలి. అప్పుడే నా దగ్గర ఇంగ్లీషు చదవడం నేర్చుకుంటున్న ఆరేళ్ళ పిల్లకి రెండూ కలగాపులగం అయిపోతాయి. అందుకే చాలా బడులు రెండో తరగతో మూడో తరగతో వచ్చేదాకా ఆగుతాయి. ఇంట్లో ఎవరైనా ఉత్సాహం కొద్దీ ముందే పిన్‌యిన్ చార్టు కొని గోడకి అంటిస్తే, ఆ ఇబ్బంది నా గదిలో తేలుతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, ఐదేళ్ళకి ఏం మిగులుతుంది? అమెరికా విదేశాంగ శాఖ తమ ఉద్యోగులకి మాండరిన్ నేర్పడానికి 2,200 క్లాసు గంటలు లెక్కగడుతుంది. ఏడాదికి 180 రోజులు, రోజుకి మూడు గంటల లోపు వేసుకున్నా మీ పాప ఐదేళ్ళలో ఆ అంకెని చేరిపోతుంది. కానీ ఆ అంకె చూసి మురిసిపోకండి. అక్కడ పెద్దవాళ్ళు భాషొక్కటే నేర్చుకుంటారు. ఇక్కడ ఆ గంటల్లోనే కూడికలు, మొక్కలు, వాతావరణం, లైన్లో నిలబడటం, పక్కవాణ్ణి గిల్లకుండా ఉండటం అన్నీ ఉన్నాయి. చైనాలో 2011 పాఠ్యప్రణాళిక ప్రకారం ప్రాథమిక విద్య ముగిసేసరికి 3,000 అక్షరాలు గుర్తుపట్టాలి, 2,500 రాయాలి. మన పిల్లలు దానికి చాలా దూరంలో ఉంటారు. ఇల్లూ వీధీ మొత్తం చైనీస్‌లో ఉన్న పిల్లలతో పోలిక పెట్టడమూ న్యాయం కాదు.

ఐదో తరగతి చివరికి బాగా సాగిన పిల్ల ఇలా ఉంటుంది. తన ఇల్లు, బడి, నిన్న జరిగిన సంగతి, ఏది ఎందుకు నచ్చిందో కలిపి నాలుగైదు వాక్యాల్లో చెప్పగలదు. టీచరు మామూలు వేగంతో చెప్పేది దాదాపు అంతా అర్థమవుతుంది. పరిచయమున్న విషయం మీద ఒక పేజీ చదువుతుంది, ఒక పేరా రాస్తుంది. కంప్యూటర్‌లో అయితే పిన్‌యిన్ కొట్టి సరైన అక్షరం ఎంచుకుంటుంది కాబట్టి చేత్తో రాయలేనివి కూడా రాసేస్తుంది. వార్తాపత్రిక చదవలేదు. యూటాలో ఈ దారి హైస్కూలు దాకా ఉంది. తొమ్మిదో తరగతిలో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి) చైనీస్ పరీక్ష, అది దాటితే హైస్కూల్లోనే యూనివర్సిటీ స్థాయి కోర్సులు. ఐదో తరగతితో ఆపేస్తే మాత్రం వచ్చింది వచ్చినట్టే జారిపోతుంది. మిడిల్ స్కూల్లో కొనసాగించే ఉద్దేశం ఉందో లేదో మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి.

ఎవరూ ముందుగా చెప్పని చేదు ఒకటుంది. మూడో తరగతి దాటాక చాలామంది పిల్లలు ఒకచోట ఆగిపోయినట్టు కనిపిస్తారు. అర్థం చేసుకోవడం ఎప్పుడూ ముందుంటుంది, మాట వెనకే నడుస్తుంది. టీచరుతో చైనీస్, పక్కనున్న స్నేహితురాలితో గుసగుస ఇంగ్లీషు. పోట్లాడటానికీ, జోకులేయడానికీ పనికొచ్చే చైనీస్ వాళ్ళకి ఎవరూ నేర్పలేదు, పాఠంలో రాదు కదా. నాలుగో తరగతి సైన్సులో బుర్రలో ఉన్న ఆలోచనకి చేతిలో ఉన్న అక్షరాలు చాలవు. పిల్లలు విసుక్కునేదీ, ఇంట్లో "మానేస్తాను" అనేదీ అప్పుడే. అది దాటే దశ. ఆ ఏడాది ఆమె స్థాయికి తగ్గ తేలిక పుస్తకాలు, చైనీస్ కార్టూన్లు ఎక్కువగా ఇవ్వండి, అక్షరాల బట్టీ పెంచకండి.

ఇంగ్లీషు మాటకొస్తే, నా జీతం దానిమీదే కాబట్టి నన్ను నమ్మొచ్చు. ఇమ్మర్షన్ మీద మొదటి పెద్ద పరిశీలన 1965లో కెనడాలోని సెయింట్ లాంబర్ట్‌లో, ఇంగ్లీషు ఇళ్ళ పిల్లల్ని ఫ్రెంచిలో చదివించినప్పుడు మొదలైంది. పిల్లల ఇంగ్లీషు చెడలేదని అప్పుడే తేలింది. మనకి ఇంకా దగ్గరిది పోర్ట్‌లాండ్‌ది. అక్కడి సీట్లు కూడా మీకులాగే లాటరీలో ఇస్తారు, అందుకని సీటొచ్చిన పిల్లల్నీ రానివాళ్ళనీ పోల్చడం కుదిరింది. 2017లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఇమ్మర్షన్ పిల్లలు ఇంగ్లీషు చదవడంలో ఐదో తరగతికి దాదాపు ఏడు నెలల చదువు, ఎనిమిదో తరగతికి తొమ్మిది నెలల చదువు ముందున్నారు. లెక్కల్లో, సైన్సులో నష్టం కనబడలేదు. ఆ బడుల్లో చైనీస్‌తో పాటు వేరే భాషల ప్రోగ్రాములూ ఉన్నాయన్నది గుర్తుంచుకోండి. నా తరగతిలో నేను చూసేదీ దీనికి విరుద్ధంగా లేదు. ఇంగ్లీషు చదవడంలోనే ఇబ్బంది ఉన్న పిల్లలుంటారు. వాళ్ళకి ఆ ఇబ్బంది మామూలు బడిలోనూ ఉండేదే. ఒక టీచరు కనిపెట్టకపోయినా రెండో టీచరు కనిపెడతారు. ఆలస్యం చేయకుండా పరీక్ష చేయించమని అడగండి, "ఇమ్మర్షన్ వల్లేలే, సర్దుకుంటుంది" అన్న మాట విని ఊరుకోవద్దు.

తెలుగు. ఇక్కడ కాస్త కఠినంగా చెబుతాను. మీ ఇంట్లో తెలుగుని మింగేది చైనీస్ కాదు, ఇంగ్లీషు. చైనీస్ గదిలో చేరని తెలుగు పిల్లలు కూడా మూడో తరగతికల్లా అమ్మ తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తున్నారు. చాలాసార్లు దారి తీసేది మనమే. బడిలో వెనకబడుతుందేమోనన్న భయంతో హోంవర్కు దగ్గర ఇంగ్లీషులోకి మారిపోతాం. మారకండి. చైనీస్ లెక్కల కాగితం తెచ్చినప్పుడు "ఇందులో ఏం అడిగారో నాకు తెలుగులో చెప్పు" అనండి. చెప్పగలిగితే లెక్కా అర్థమైంది, చైనీస్ కూడా అర్థమైంది, మధ్యలో తెలుగు కూడా కదిలింది. మీకు చైనీస్ రాకపోవడం అక్కడ మీకు లాభమే. తెలుగు లిపిని మాత్రం ఈ ఏడాదే మొదలెట్టొద్దని నా సలహా. ఒకే ఏడాది రెండు లిపులే ఎక్కువ, మూడోది రెండో తరగతి దాటాక మొదలెట్టొచ్చు. అప్పటిదాకా మాటలు, కథలు, సామెతలు, తాతయ్యతో ఫోన్లు చాలు. వారాంతంలో తెలుగు నేర్పే మనబడికి పంపాలనుకుంటే పంపండి, కానీ దానితోపాటు శనివారం చైనీస్ ట్యూషన్ కూడా కలపకండి. పిల్లకి ఆడుకునే పూట ఒకటి ఉండాలి.

ఇంటి దగ్గర రోజూ చేయాల్సింది తక్కువే. టీచరు పంపిన ఆడియో పెట్టి, ఆమె అక్షరాల మీద వేలు పెట్టి చదువుతుంటే పదిహేను నిమిషాలు పక్కన కూర్చోండి. ఆ పక్కన కూర్చోవడమే పని. ఫోన్లో అనువాదం యాప్ తెరిచి ప్రతి మాటకీ ఇంగ్లీషు అర్థం చెప్పకండి, పిల్ల చైనీస్‌ని చైనీస్‌గా వినడం మానేసి ఇంగ్లీషు కోసం ఎదురుచూస్తుంది.

సీటు ఖాయం చేసుకునే ముందు బడి వాళ్ళని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. చైనీస్ టీచర్లు ఎన్నేళ్ళుగా ఉన్నారు? చాలామంది జే-1 అనే తాత్కాలిక ఎక్స్ఛేంజ్ వీసా మీద వస్తారు, అది మామూలుగా మూడేళ్ళు, మహా అయితే ఐదేళ్ళకి పొడిగిస్తారు. మంచి టీచరు కుదిరిందనుకునేలోపు వెళ్ళిపోతారు. కొత్తవాళ్ళకి ఇక్కడి పిల్లల అల్లరి అలవాటు కావడానికే ఒక ఏడాది పోతుంది. ఐదో తరగతిలో ఎంతమంది మిగిలారని కూడా అడగండి. మధ్యలో మానేసిన పిల్లల సీట్లు చైనీస్ రాని కొత్తవాళ్ళతో నింపడం కుదరదు, అందుకని పై తరగతులు పలచబడతాయి, ఒక్కోసారి రెండు సెక్షన్లు కలిపేస్తారు. పండగలు ఎలా జరుపుతారని అడగక్కర్లేదు. కొత్త సంవత్సరం ఎర్ర కవర్లు, శరదృతువులో మూన్‌కేకులు ఎక్కడైనా ఉంటాయి, పిల్లలకి సరదాగానే ఉంటుంది.

వీలైతే రెండో తరగతి చైనీస్ గదిలో వెనక కుర్చీలో అరగంట కూర్చోనివ్వమని అడగండి. గోడల మీద లాంతర్లు, డ్రాగన్లు చూడటం కాదు. టీచరు మాట్లాడేది ఎంతసేపు, పిల్లలు మాట్లాడేది ఎంతసేపు చూడండి. ప్రశ్న అడిగినప్పుడు పిల్లలు ఒక్క మాటతో ఊరుకుంటున్నారా, వాక్యం కడుతున్నారా వినండి. భాష తెలియకపోయినా ఆ తేడా చెవికి తెలుస్తుంది. వాక్యాలు వినబడితే నిశ్చింతగా చేర్పించండి.